ఓట్స్ పాలు, సారె లడ్డూలు

నాలో ఒక మంచి గుణం ఉంది. నా నోటితో నేను చెప్పుకోకూడదు గానీ, చెప్పేవాళ్లు ఇంకెవరూ కనపడక నేనే చెప్పుకుంటున్నాను. ఎవరింటికి వెళ్లినా, ఎంత ఆకలి మీద వెళ్లినా, "తిన్నారా?" అని అడిగితే "కడుపు నిండుగా ఉందండీ" అంటాను. చేయి చాచను. రెండోసారి అడిగితే తల అడ్డంగా ఊపుతాను. మూడోసారి ఎవరూ అడగరు. అదే బాధ. అయినా ఈ నిగ్రహం మా వంశం మొత్తానికి నా ఒక్కడికే వచ్చిందని లోలోపల గర్వం.

ఇంత నిగ్రహం ఉన్న మనిషి మొన్న గురువారం మందస నుంచి టెక్కలి వెళ్లే బస్సులో, బస్సంతా చూస్తుండగా, ముక్కూ మొహం తెలియని పెళ్లికూతురి సారె తినేశాడు!

కూర్చోండి, చెప్తాను. నాకు మాత్రం టీలో చక్కెర వద్దని చెప్పండి.

నేను కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ దగ్గర పని చేస్తానని మీకు తెలుసు కదా. విరగని గుండేదో, రెండుగా చీలిన బద్దేదో, ముక్కేదో దూరం నుంచి చూసి చెప్పేస్తాను. ఇరవై ఏళ్లుగా తెల్లటి పప్పు తప్ప ఇంకేమీ చూడని కళ్లివి. తెల్లగా ఉన్నదేదీ నన్ను మోసం చేయలేదని నా నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిలబడిందో మీరే చూస్తారు.

షుగర్ నాకు కొత్త కాదు. కిందటిసారి టెక్కలి వెళ్తే డాక్టరమ్మ నా ఎడమ చేతికి, భుజం కింద వెనకవైపు, పదిరూపాయల బిళ్లంత సెన్సర్ ఒకటి అంటించింది. "ఇది పద్నాలుగు రోజులుంటుంది. మీ షుగర్ ఎప్పుడు లేస్తోందో, ఎప్పుడు పడుతోందో ఫోన్లో గీత గీసి చూపిస్తుంది. ఆ గీత చూసి, బిళ్లలు సరిపోతాయా, ఇన్సులిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టాలా తేలుద్దాం" అంది.

ఇంజెక్షన్! మా వీధిలో దూడకి సూది వేస్తున్నారంటేనే నేను ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంటాను. ఆ నిమిషం నుంచి నాకు లోకంలో ఒకటే కోరిక. ఆ గీత పడుకోవాలి. పక్షం రోజులు కదలకుండా పడుకోవాలి.

అక్కడితో ఆగితే బాగుండేది. క్లినిక్‌లో కాంపౌండర్ "ఇంట్లోవాళ్లకి కూడా కనిపిస్తే మంచిది" అని, పక్కనే ఉన్న మా సుగుణ ఫోన్లో కూడా ఆ యాప్ పెట్టేశాడు. ఎవరికి మంచిదో చెప్పలేదు. సుగుణ నా మేనమామ కూతురు. మా పెళ్లికి ముందు "బావా" అని ప్రేమగా పిలిచేది. ఇప్పుడూ బావా అనే పిలుస్తుంది.

రెండోరోజే ఫ్యాక్టరీలో ఎవరో టీ ఇచ్చారు, చక్కెర ఉన్నది. రెండుసార్లు వద్దన్నాను, మూడోసారీ అడిగారు. ఆ మూడోసారికి నేను అలవాటు పడలేదు, తాగేశాను. కాసేపటికి ఫోను.

"బావా, ఆ కొండేటి?"

"ఏ కొండ?"

"పదకొండున్నరకి లేసింది, సూడు."

"మహేంద్రగిరి అయి ఉంటుందే. ఇవాళ మంచు లేదు, బాగా కనిపిస్తోంది."

"సాయంత్రం రా. నీ సేత ఎక్కిత్తాను."

మొదటి మూడు రోజులూ పొద్దున్న అలవాటు ప్రకారం చోళ్ల అంబలి, అదే రాగి అంబలి, అందులో గేదె పెరుగు, ఒక ఉల్లిపాయ. గీత చూస్తే ముచ్చటేసేది. డొంకూరు ఒడ్డున గాలి లేని పొద్దున్న సముద్రం ఎలా ఉంటుందో అలా ఉండేది. ఒక చిన్న అల లేచి, ఏదో జ్ఞాపకం వచ్చినట్టు ఆగి, మెల్లగా ఒడ్డుకి జారేది. అలా వదిలేస్తే నాకు ఈ కథే లేదు.

నాలుగోరోజు వీడియో చూశాను. తెల్లకోటు ఆయన వేలు చూపించి "పాలు మానేయండి! మీ షుగర్‌కి మూలం పాలే!" అన్నాడు. వేలు సరిగ్గా నా మొహం మీదికే చూపించాడు. అంత ప్రత్యేకంగా నాకు చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

"రేపటి నుంచి పాలు వద్దని పాల సూరమ్మకి చెప్పు" అన్నాను.

"నువ్వే సెప్పు బావా. గేదె మీద నాకేటీ పగ నేదు" అంది సుగుణ.

ముందు కొబ్బరిపాలతో మొదలుపెట్టాను. ఉద్దానంలో పుట్టి కొబ్బరికి కొదవేమిటి? కంచిలి నుంచి వచ్చిన కాయలు కొట్టి, పల్చగా పాలు తీసి తాగాను. గీత లేవలేదు. కడుపు కూడా దాన్ని గమనించలేదు. గంట తిరక్కుండా పక్కింటి పోపు వాసన ఏ గింజదో చెప్పగలిగే స్థితికి వచ్చాను. తర్వాత జీడిపాలు. నానబెట్టిన ముక్కలు రుబ్బాలి కదా, గ్రేడింగ్ చేసే మనిషిని, రుచి చూడకుండా ఎలా రుబ్బుతాను? సగం మిక్సీలోకి, సగం నాలోకి. సుగుణ గిన్నెలోకి తొంగి చూసి, "ఇది పాలు కావు బావా, పెళ్లి కూరలో గ్రేవీ. ఇందులో బంగాళాదుంపలు ఎయ్యమంటావేటి?" అంది.

అప్పుడు దొరికింది ఓట్స్ పాల ప్యాకెట్. కాశీబుగ్గ సూపర్ మార్కెట్‌లో, పై అరలో, ఒక్క వరసే. దాని మీద బొమ్మ ఎంత బాగుందంటే, మంచు పట్టిన పొలం, దూరంగా కొండ, పొలంలో మనిషన్నవాడు లేడు. అక్కడే నిలబడి ఆ పొలంలోకి కాసేపు వెళ్లిపోయాను. వెనక్కి వచ్చేసరికి ప్యాకెట్ నా చేతిలో ఉంది. పంచదార కలపలేదని రాసి ఉంది. ఇంకేం కావాలి!

రోజూ పొద్దున్న అంబలి మానేసి, ఒక పెద్ద గ్లాసు ఓట్స్ పాలు. సుగుణ ఎదురుగా నిలబడి అడిగేది.

"నిండిందా బావా?"

"నిండింది!"

ఆలోచన నాది. నిండలేదంటే ఆలోచన తప్పినట్టు. అందుకని రోజూ నిండింది.

గీత మాత్రం నా మాట వినలేదు; తప్పు పాలది కాదు, ఇంకా అలవాటు పడని నా ఒంటిదనుకున్నాను. తాగిన కాసేపటికి నిటారుగా లేచేది, తర్వాత కాలు జారినట్టు దబ్బున కిందకి దిగేది. అది దిగుతున్నంతసేపూ నాకు ఒకటే నిద్ర, ఒకటే ఆకలి. రెండూ కలిస్తే ఏమవుతుందో తెలుసా? కలలొస్తాయి. గ్రేడింగ్ బల్ల మీద పప్పు పోస్తుంటే అది పప్పులా కనిపించేది కాదు. వెన్న ముద్దలు. కిటికీలోంచి మబ్బు కనిపిస్తే మీగడ. చెరువు గట్టు మీద కొంగలు వరసగా నిలబడితే, ఎవరో విస్తట్లో పెరుగన్నం ముద్దలు పెట్టి మర్చిపోయినట్టు ఉండేది. ఒకరోజు గుండ్ల బస్తాలో బద్దలు పోసేశాను. ఇరవై ఏళ్లలో మొదటిసారి! "ఏటి బావా, ప్రేమలో పడ్డావేటి?" అన్నారు పక్కవాళ్లు. అవును. గేదెతో.

ఇక్కడ ఇంకో ముక్క చెప్పాలి, మర్చిపోకండి, తర్వాత పనికొస్తుంది. ఆదివారం మధ్యాహ్నం ఎడమ చేతి మీద ఒత్తిగిలి పడుకున్నాను. రెండు ఫోన్లూ ఒకేసారి అంబులెన్స్‌లా మోగాయి. షుగర్ బాగా పడిపోయిందని! సుగుణ పంచదార నీళ్లతో పరిగెత్తుకొచ్చింది. వేలు గుచ్చి మిషన్లో చూస్తే మామూలుగానే ఉంది. క్లినిక్‌కి ఫోన్ చేస్తే, "సెన్సర్ మీద ఒత్తిడి పడితే అలా తప్పుగా తక్కువ చూపిస్తుందమ్మా. ఆ పక్క పడుకోనివ్వకండి" అన్నారు. అంతే! సుగుణ నన్ను అట్టు తిరగేసినట్టు కుడిపక్కకి తిరగేసింది. పావుగంటలో గీత పైకొచ్చింది. అది నా కళ్లారా చూశాను. అంటే నాకు తెలుసన్నమాట. తెలియదని తర్వాత నేనెవరికీ చెప్పుకోవడానికి లేదు.

గురువారం వచ్చింది. పదకొండింటికి డాక్టరమ్మ దగ్గర ఉండాలి. చివరిరోజు కదా, గీతకి మర్యాద చేద్దామని రెండు గ్లాసుల ఓట్స్ పాలు తాగాను.

"నిండిందా బావా?"

"గొంతు దాకా!"

కాశీబుగ్గలో బస్సెక్కితే, మాఘమాసం పెళ్లిళ్లు, బస్సు నిండా పట్టుచీరలు. సీట్ల మధ్య దారి పొడవునా బుట్టలు, వాటి మీద పసుపు గుడ్డలు కట్టి ఉన్నాయి. మందస వైపు ఊరివాళ్లు టెక్కలిలో వియ్యాలవారింటికి సారె తీసుకెళ్తున్నారు. ఎడమపక్క కిటికీ సీటు దొరికింది. నా పక్కన ఒక మామ్మ, ఒళ్లో చిన్న బుట్ట పెట్టుకుని, రెండు చేతులతో మనవరాలిని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది.

"తిన్నావా బాబూ? మొకం పీక్కుపోయింది."

"కడుపు నిండుగా ఉంది మామ్మా."

"ఏటి తిన్నావు?"

"ఓట్స్ పాలు."

"అదే జంతువు?"

"జంతువు కాదు మామ్మా, గింజ."

మామ్మ పూర్తిగా నావైపు తిరిగింది. "గింజకి పొదుగెక్కడుంటాది బాబూ?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. జీడితోటలు పూత మీద ఉన్నాయి. ఆ వాసన తెలుసు కదా మీకు, తీపి కాదు, తీపి దారి మర్చిపోయినట్టు ఉంటుంది. బస్సు ఊగుతోంది. ఎక్కడో ఎవరిదో ఫోన్లో సన్నాయి. ఎడమ చెయ్యి కిటికీ ఊచకి ఆనించి, చెయ్యి మీద తల ఆనించి, నందిగాం దాటకుండానే నేను దాటిపోయాను.

సముద్రం. మన సముద్రమే, డొంకూరు దగ్గరిదే. కానీ అల లేదు, చప్పుడు లేదు. కనుచూపు మేర తోడుకున్న పెరుగు! పైన లేత పసుపు మీగడ, దాని మీద పొద్దు పొడుస్తోంది. పడవలు కదలకుండా గట్టిగా నిలబడి ఉన్నాయి. జాలర్లు వల విసిరి లాగుతుంటే, వలలో మీగడ తరకలు తరకలుగా వస్తోంది. సరుగుడు చెట్లు ఒడ్డున ఉల్లికాడల్లా ఊగుతున్నాయి. నేను పడవ అంచున కూర్చున్నాను, చేతిలో గరిటె. "తీసుకో బాబూ" అన్నాడు ముసలి జాలరి. నా నోటికి అలవాటైన మాట వచ్చేసింది. "కడుపు నిండుగా ఉందండీ." అంతే, సముద్రం మొత్తం వెనక్కి వెళ్లిపోవడం మొదలుపెట్టింది. వద్దు, వద్దు, అబద్ధం చెప్పాను, ఆగు... అని అరుద్దామంటే గొంతు రాదు. దూరంగా సైరన్.

సైరన్ నా జేబులోది.

"ఎవరిదండీ ఫోను?" కండక్టర్.

ముందు సీటు కుర్రాడు నా జేబులోంచి ఫోన్ లాగి చదివాడు. "షుగర్ లో! బాగా డౌన్ అయిపోయింది ఈయనకి!"

ఆ మాటకి బస్సు బస్సంతా డాక్టర్లయిపోయింది. షుగర్ లేని ఇల్లేది ఇప్పుడు? "తీపి పెట్టండి!" "బేగి, బేగి!" "మా మావకీ ఇలగే అయ్యింది!"

నేను రెండో మోతకే లేచేశాను. కళ్లు తెరవలేదంతే. సంగతి కూడా అర్థమైంది, చెయ్యి ఊచకి ఒత్తుకుంది. "ఏమీ లేదండీ" అని నిటారుగా కూర్చుంటే సరిపోయేది. అనబోయాను కూడా. అప్పుడే పసుపు గుడ్డ ముడి విప్పిన చప్పుడు వినిపించింది.

"అమ్మా! సారె! ఆళ్లింటికి ఎల్లకుండా ముడి ఇప్పుతావేటి!" ఆడమనిషి గొంతు, మామ్మ కూతురనుకుంటాను.

"పానం పోతంటే సారేటే!" అంది మామ్మ.

వాసన వచ్చింది. నెయ్యి, యాలకులు, వేయించిన జీడిపప్పు. ముక్క కాదు, గుండు! కళ్లు మూసుకునే గ్రేడ్ చెప్పేశాను.

"స్పృహ నేనోళ్ల నోట్లో ఏటీ పెట్టకండి, గొంతుకడ్డం పడతాది!" అని కండక్టర్ అరిచాడు. మంచి మాట. సరైన మాట. ఆ మాట విని లడ్డూ ఎక్కడ వెనక్కి వెళ్లిపోతుందోనని, నేను నోరు తెరిచాను.

"తెరిసినాడు! నోరు తెరిసినాడు!" బస్సంతా సంబరం.

ఒక లడ్డూ. నమిలాను. పది రోజుల తర్వాత పొద్దున్నపూట నమలడం! రెండోది. తర్వాత సున్నుండ. స్పృహలో లేనివాడు అంత చక్కగా, అడక్కముందే నోరు తెరుస్తున్నాడేమిటని ఎవరికీ అనుమానం రాలేదు. కల మళ్లీ మొదలైనట్టే ఉంది. సముద్రం తిరిగి వస్తోంది. ఈసారి నేనేమీ అనలేదు.

ఫోన్ మోగింది. ఈసారి సైరన్ కాదు, సుగుణ. మామ్మ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. నాకు మామ్మ మాటలే వినిపిస్తున్నాయి.

"ఎవలమ్మా? ... ఆఁ, మా పక్కనే ఉన్నాడు, తెలివి నేదు... ఎడం సెయ్యా? ... ఊసకి ఒత్తుకున్నాది తల్లీ... తీపా? పెట్టీసినాము... రెండు లడ్డూలు, ఒక సున్నుండ... ఆఁ, నమిలే మింగినాడు... ఓహో... ఓహో... అలగా."

మామ్మ ఫోన్ చెవి మీంచి దించింది. నా మొహం మీద మామ్మ చూపు పడినట్టు, కళ్లు మూసుకున్నా తెలిసింది.

"నీ పెళ్లాం కళ్లు తెరవమంటంది నాయినా" అంది.

తెరిచాను. బస్సంతా చప్పట్లు! బతికాడన్నారు. మామ్మ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. బుట్ట ముడి మళ్లీ కడుతూ, ఎవరికీ చెప్పకుండా, నవ్వాపుకుంటోంది.

టెక్కలిలో దిగి క్లినిక్ వైపు తిరగబోతే చొక్కా పట్టుకుంది. "ఎక్కడికి? మా ఇయ్యపరాలు ఒట్టి అనుమానం మనిసి. ముడి ఎందుకిప్పినారంటది. నువ్వొచ్చి సెప్పాల."

వెళ్లాను. ఎలా వెళ్లనంటాను? ఆ ఫోన్లో సన్నాయి ముందు, బుట్టలు వెనక, వాటి వెనక సాక్ష్యంగా నేను. వాళ్ల అరుగు మీద బుట్టలు దించారు. వియ్యపరాలు ముడి చూసింది, లడ్డూలు చూసింది, మామ్మ మొహం చూసింది.

"రెండు తక్కువున్నాయేటి?"

"తక్కువేటీ నేవు. అల్లదిగో, నిలబడి ఉన్నాయి" అని మామ్మ నన్ను చూపించింది.

అరుగంతా నవ్వులు. వియ్యపరాలు కూడా నవ్వేసింది. పెళ్లికొడుకు తల్లి నవ్వితే ఇంక గొడవేముంది! నన్ను కూర్చోబెట్టి బూరెల పళ్లెం ముందు పెట్టారు.

"కడుపు నిండుగా ఉందండీ" అన్నాను. నా జీవితంలో ఆ మాట నిజమైంది అప్పుడే.

గుమ్మం దాకా వచ్చి మామ్మ మెల్లగా అంది. "ఆకలేత్తే ఆకలేత్తందని సెప్పొచ్చు కదా నాయినా. రెండు లడ్డూలకి సచ్చిపోవాలేటి?"

నేల వైపు చూశాను. ఆ నేల మీద ముగ్గు చాలా బాగుంది. ఇప్పటికీ చుక్క చుక్కా గుర్తుంది.

డాక్టరమ్మ దగ్గరికి గంట ఆలస్యంగా వెళ్లాను. ఆవిడ గీత చూస్తోంది. నేను సూదులుండే అలమారా చూస్తున్నాను. చివర్లో ఒక లోయ, లోయ పక్కనే ఒక మహా పర్వతం.

"ఇదేంటి?"

"సారె అండి."

చెప్పాను, మొత్తం. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది, నవ్వుతో తడిశాయి. తర్వాత మొదటి మూడు రోజుల గీతనీ, ఓట్స్ పాల రోజుల గీతనీ పక్కపక్కన పెట్టింది.

"చూడండి. ఇక్కడ పెరుగు. మాంసకృత్తులున్నాయి, కొవ్వుంది, కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది. దాంతో అంబలి కూడా నెమ్మదిగా అరుగుతుంది. ఇక్కడ ఓట్స్ పాలు. తయారీలోనే ఓట్స్‌లోని పిండి కొంత చక్కెరగా మారిపోతుంది, పైన పంచదార వెయ్యక్కర్లేదు. మాంసకృత్తులు తక్కువ, నమిలే పని లేదు. అందుకే లేచింది, పడింది. గంటకే ఆకలేసి ఉండాలే?"

"మరి గింజల పాలన్నీ ఇంతేనా అండి?"

"అన్నీ ఒకటెలా అవుతాయి? చక్కెర వెయ్యని సోయాపాలు మాంసకృత్తుల్లో మామూలు పాలకి దగ్గరగా ఉంటాయి. కొబ్బరిపాలు గీతని లేపవు, మీ కడుపునీ నింపవు. పాలు పడనివాళ్లకి చూసి ఎంచుకోమంటాం. మీకు పాలు శుభ్రంగా పడుతున్నాయి కదా, ఎందుకు మానేశారు?"

వేలు చూపించిన ఆయన గురించి చెప్పడానికి మొహం చెల్లలేదు.

"బస్సులో వాళ్లని ఏమీ అనకండి. తక్కువ చూపిస్తే, మనిషి మింగగలిగితే, తీపి పెట్టాల్సిందే. మెలకువగా ఉండి నోరు విప్పని మీదే తప్పు."

"విప్పానండీ" అన్నాను. "అదే తప్పయింది."

ఇంజెక్షన్ ఇప్పటికి లేదంది. అవే బిళ్లలు, పొద్దున్న పెరుగు వేసిన అంబలి, సాయంత్రం నడక. మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తానంది. "ఈలోపు పెళ్లిళ్ల బస్సులు ఎక్కకండి" అని చీటీ మీద రాయలేదు గానీ, నోటితో చెప్పింది.

పాల సూరమ్మని మళ్లీ రమ్మని చెప్పడానికి నేనే వెళ్లాను. గేదె నావైపు చూసి మొహం తిప్పుకుంది. దానికీ తెలిసిపోయింది.

మర్నాడు పొద్దున్న సుగుణ అంబలి గ్లాసు నా ముందు పెట్టింది. గేదె పెరుగు, ఉల్లిపాయ ముక్క. తాగాను. మెల్లగా, నిదానంగా, ఎక్కడికో వెళ్లిపోయి తాగాను. సముద్రం, పడవలు, గరిటె, అన్నీ తిరిగొచ్చాయి. చేతి మీద సెన్సర్ లేదు, గీత లేదు, కొండ లేదు. గ్లాసు ఖాళీ అయింది. పక్కనే గిన్నెలో ఇంకో సగం గ్లాసు ఉంది. నాకు కనిపిస్తోంది. సుగుణకి నేను కనిపిస్తున్నాను.

"నిండిందా బావా?"

"నిండింది" అన్నాను.

ఆవిడ గిన్నె లోపలికి తీసుకెళ్లిపోయింది.

ఏవి పాలో, ఏవి పాలలా కనిపిస్తాయో ఈ పక్షం రోజుల్లో కొంత తెలిసింది. సెన్సర్ మీద పడుకోకూడదని తెలిసింది. ఇంకో సగం గ్లాసు కావాలని అడగడం మాత్రం నాకు ఇంకా రాలేదు.